గేదెకు నచ్చిన సైలెన్సర్

ముప్పై నాలుగేళ్ళు లేత్ మేస్త్రీగా పనిచేశాను. రైసు మిల్లుల షాఫ్టులు, ఇత్తడి బుష్షులు, మోటారు సైకిళ్ళ సామాన్లు ఎన్ని తిప్పానో నాకే గుర్తు లేదు. నేను చేసినవాటిని పట్టి చూసి, వంకలు పెట్టినవాళ్ళలో ఇంజనీర్లున్నారు, మిల్లు యజమానులున్నారు, ఒకసారి మా ఆవిడ కూడా ఉంది. అందరికంటే నిక్కచ్చిగా తనిఖీ చేసింది మాత్రం రేపల్లె పక్కన నగరం అనే ఊరికి దగ్గర్లో ఒక పల్లెలో ఉండే గేదె. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు "ఒక్క పీసు చేయించుకుంటే ఎందుకండీ అంత ఖరీదు?" అని అడిగినప్పుడల్లా నేను ఆ గేదె సంగతి చెబుతుంటాను. విన్నాక కూడా వాళ్ళకి ఖరీదు సంగతి అర్థమైందో లేదో తెలియదు గానీ, ఆ ప్రశ్న మళ్ళీ అడగరు.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది. పెట్రోలు తక్కువ తాగే కొత్త బళ్ళతో రోడ్లు నిండిపోయాయి. రెండు స్ట్రోకుల పాత బళ్ళు పాలవాళ్ళ దగ్గరా చేపలవాళ్ళ దగ్గరా మాత్రమే మిగిలాయి. ఎంత బరువైనా మోస్తాయని వాళ్ళు వాటిని వదిలేవాళ్ళు కాదు. కంపెనీలు వాటికి సామాను చేయడం మానేశాయి. తెనాలిలో మా షాపు బతికింది దాని మీదే. బజారులో దొరకని సామాను ఒకటీ అరా కావాలంటే మా దగ్గరికి వచ్చేవాళ్ళు.

షాపులో ముఖ్యులం ముగ్గురం. మా ఓనరు గారు రైతుబిడ్డ. పొలం కౌలుకిచ్చి వర్క్‌షాపు పెట్టారు. పనిలో ఉన్నట్టు కనిపించడానికి రోజూ ఖాకీ చొక్కా వేసుకునేవారు గానీ, ఆ చొక్కాకి నూనె మరక అంటగా నేనెప్పుడూ చూడలేదు. రెండో మనిషి మా వెల్డర్. నాకు దూరపు చుట్టం, మామూ అని పిలిచేవాణ్ణి. నేను పిలుస్తున్నాను కదా అని ఓనరు గారితో సహా ఊరంతా ఆయన్ని మామూ అనేది. జీవితమంతా సైలెన్సర్ల పక్కన నిలబడి ఆయనకి చెవులు సగమే పనిచేసేవి. మేమిద్దరం ఉర్దూలో మాట్లాడుకున్నా తెలుగులో మాట్లాడుకున్నా ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది. అలాంటి మనిషి సైలెన్సర్ చప్పుడులో తేడా ఇట్టే కనిపెట్టేవాడు. గొట్టం చివర అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్ళు మూసుకుని, "ఇది దగ్గుతోంది" అనేవాడు. విప్పి చూస్తే నిజంగానే లోపల ఏదో అడ్డం పడి ఉండేది. మూడో మనిషిని నేను.

ఒకరోజు నగరం వైపు నుంచి ఒక పాలాయన వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. పొద్దున్నే రేపల్లెలో పాలు పోసి, అక్కడి మిల్లులో తవుడు బస్తా ఎత్తించుకుని ఇంటికి పోయే మనిషి. ఆయన బండి సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. ఏదో మాట్లు వేయమని వచ్చాడు. నేనే ఊరుకోకుండా, "ఇంకా దీనికి మాట్లేంటండీ, కొత్తది బిగిస్తాను. బండి వస్తుందో లేదో కూడా తెలియనంత మెత్తగా ఉంటుంది" అన్నాను. బజారులో దొరికే ఒక సైలెన్సర్ తెప్పించి, దాని మెడ కోసి ఈ బండికి సరిపోయేలా అతికించాం. పాతదాన్ని తుక్కులో పడేశాను. ఆయన సంతోషంగా డబ్బిచ్చి, చప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు.

పది రోజుల తర్వాత చప్పుడు లేకుండానే తిరిగొచ్చాడు. నేను లేత్ మీద పనిలో ఉన్నాను. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో నాకు తెలియదు.

"మేస్త్రి గారూ, మీ సైలెన్సర్ బాగానే ఉందండి" అన్నాడు దిగులుగా.

"మరి ఏంటండీ?"

"మా గేదెకి నచ్చలేదండి."

ఓనరు గారు కుర్చీలోంచి ముందుకు వంగారు. మామూ నా వైపు చూసి "ఏంటంట?" అన్నాడు. "గేదెకి నచ్చలేదంట" అని అరిచాను. మామూ నేను తప్పుగా విన్నాననుకుని, తనే వెళ్ళి ఆయన్ని అడిగొచ్చాడు.

సంగతేమిటంటే, ఆయనకి మూడు గేదెలున్నాయి. అందులో పెద్దది, ఎక్కువ పాలిచ్చేది, దూడ ఎదిగిపోయాక ఈయన బండి చప్పుడు వింటేగానీ చేపడం, అంటే పొదుగులోకి పాలు దించడం, మానేసింది. పొద్దున బండి స్టార్టు చేసి పెట్టి పాలు పిండేవాడు. సాయంత్రం తవుడు బస్తాతో బండి వీధి మలుపు తిరిగేసరికే దానికి పొదుగు నిండిపోయేది. ఇప్పుడు బండి దొంగలా వచ్చి నిలబడుతోంది.

"తవుడు పెడితే తినదా?" అన్నాను.

"తింటుందండి. శుభ్రంగా తింటుంది. పాలే ఇవ్వదు. దాని లెక్కలో ఇంకా సాయంత్రం కాలేదండి. పెద్దది ఇవ్వకపోయేసరికి దాన్ని చూసి మిగతా రెండూ కూడా పాలు బిగబడుతున్నాయి. రేపల్లెలో స్వీటు షాపాయన ఇంకో నాలుగు రోజులు చూసి వేరేవాళ్ళని పెట్టుకుంటానన్నాడు."

"ఆ చప్పుడు మీరు నోటితో చేసి చూడకపోయారా?" అన్నారు ఓనరు గారు వేళాకోళంగా.

"చేశానండి" అన్నాడాయన సీరియస్‌గా. "డుగుడుగుడుగు, టంగ్... డుగుడుగుడుగు, టంగ్... అని వారం రోజులు చేశాను. పక్కింటివాళ్ళు మా ఆవిణ్ణి పిలిచి ఎవరికైనా చూపించమన్నారు."

మాటు వేయమని వచ్చిన మనిషికి కొత్తది అంటగట్టింది నేనే. ఆయన నన్నొక్క మాట అనలేదు. అదే ఇబ్బందిగా ఉంది. కొత్త సైలెన్సర్ లోపలి గొట్టం బయటికి లాగి, నాలుగు పెద్ద చిల్లులు వేసి బిగించాను. చప్పుడు పెరిగింది. ఆయన వెళ్ళి మర్నాడే వచ్చాడు. "ఇప్పుడు భయపడుతోందండి" అన్నాడు.

ఆ "టంగ్" ఎక్కడినుంచి వచ్చేదో తెలియాలంటే పాత సైలెన్సర్ కావాలి. దాన్ని మా తుక్కుతో పాటు బాపట్ల పాత ఇనుము వ్యాపారి తీసుకుపోయాడు. నేను రైలెక్కి బాపట్ల వెళ్ళాను. అదృష్టం కొద్దీ అది ఇంకా కరగలేదు. కానీ ఆయన దాన్ని నిలువునా రెండుగా కోసి, పెరట్లో కోళ్ళకి నీళ్ళ తొట్టిగా పెట్టాడు. ఒక సగంలో నీళ్ళు, రెండో సగంలో నూకలు. లోపలి గొట్టం మాత్రం విడిగా గోడకి ఆనించి ఉంది.

"ఇది నాకు కావాలండి, కిలోకి ఎంతయినా ఇస్తాను" అన్నాను.

"గొట్టం తీసుకుపో భాయ్. తొట్టి నాది కాదు, మా ఆవిడది" అన్నాడు.

ఆవిడని అడిగితే తల అడ్డంగా ఊపింది. "మా కోళ్ళు దానికి అలవాటు పడ్డాయి అన్నయ్యా. వేరే గిన్నెలో పెడితే ముట్టవు."

మూడు గేదెలు చాలవన్నట్టు ఇప్పుడు కోళ్ళు. రేకు వంపులు కొలుచుకోకుండా పని జరగదు. బజారుకి వెళ్ళి ఒక స్టీలు బేసిన్ కొనుక్కొచ్చాను. ఆవిడ అందులో నీళ్ళు పోసి, "అవి తాగితే నువ్వు తీసుకెళ్ళు" అంది. ఎర్రటి ఎండలో గంటసేపు కోళ్ళ ముందు గొంతుక్కూర్చున్నాను. మొదట ఒక పుంజు వచ్చి, బేసిన్‌లో తన మొహం చూసుకుని, దానితో కాసేపు పోట్లాడి, ఓడిపోయాక తాగింది. దాని వెనక మిగతావి వచ్చాయి. సైలెన్సర్ రెండు ముక్కలూ, లోపలి గొట్టమూ గోనెసంచిలో వేసుకుని తెనాలి రైలెక్కాను. తుక్కుగా అమ్మినప్పుడు మాకొచ్చిన డబ్బుకి బేసిన్ ఖరీదు పదింతలు.

మామూ ఆ ముక్కల్ని బల్ల మీద పరిచి, వైద్యుడు నాడి చూసినట్టు వేలితో తడుముతూ ఒక పూటంతా కూర్చున్నాడు. లోపలి గొట్టానికి కంపెనీ వేసిన చిల్లులు చాలావరకు తుప్పు తిని ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అడ్డంగా ఉండాల్సిన ఒక పలక సగం విరిగి, వేలాడుతూ మిగిలింది. ఇంజను ఊపుకి అది వెళ్ళి గోడకి కొట్టుకోవడమే ఆ "టంగ్". అంటే గేదె ఇన్నాళ్ళూ విన్నది సైలెన్సర్‌ని కాదు, దానికి ఏళ్ళ తరబడి పట్టిన జబ్బుని.

"కొత్తదానికి ఈ జబ్బు అంటించాలి" అన్నాడు మామూ. అంత సంతోషంగా ఆయన్ని నేను అంతకుముందు చూడలేదు.

దానికి నాలుగు రోజులు పట్టింది. రేకు వంచడానికి కొయ్య ఫర్మా ఒకటి చేశాం. తుప్పు తిన్న ప్రతి చిల్లునీ కాగితం మీద అచ్చు తీసి, కొత్త గొట్టం మీద అదే ఆకారంలో ఆకురాయితో కోశాను. శుభ్రంగా గుండ్రటి చిల్లు వేయడం నిమిషం పని. వంకరటింకర చిల్లుని అదే వంకరలో వేయడానికి గంట పడుతుంది. మీరు ఎప్పుడైనా చేసి చూడండి. వేలాడే పలకని మామూ పదకొండుసార్లు అతికించాడు. పాలాయన రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, "ఇంకాస్త ఆలస్యంగా కొట్టాలండి", "ఇది గుడి గంటలా ఉందండి, మాది గరిటె పడ్డట్టుండేది" అని చెబుతుండేవాడు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన కళ్ళు తెరిచాడు. "ఇదేనండి" అన్నాడు. గొంతు పూడుకుపోయింది.

అప్పుడు ఓనరు గారు ఖరీదు చెప్పారు. బజారు సైలెన్సర్‌కి మూడింతలు. పాలాయన గొంతు వెంటనే బాగైంది.

"అదేంటండీ! మంచిది అంతకొస్తే, చెడగొట్టినదానికి మూడింతలా?"

"మంచిది ఫ్యాక్టరీలో లక్ష చేస్తారు. చెడ్డది నీ ఒక్కడికే చేశాం" అన్నారు ఓనరు గారు. ఇరవై ఏళ్ళలో ఆయన చెప్పిన మంచి మాట అదొక్కటే. "ముందు గేదెకి వినిపించు. అది ఒప్పుకుంటేనే ఇవ్వు."

గేదె ఒప్పుకుందో లేదో చూసి రావడానికి నన్ను పంపారు. తెనాలి నుంచి వాళ్ళ ఊరు దాకా ఖాళీ పాల క్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చుని వెళ్ళాను. డుగుడుగుడుగు, టంగ్. వీధి మలుపు తిరిగామో లేదో, గేదె మేత మానేసి తలెత్తింది. చెవులు రెండూ ముందుకు పెట్టింది. ఆయన బండి ఆపకుండా స్టాండు వేసి, చెంబు పట్టుకుని పరిగెత్తాడు. వాళ్ళావిడ గుమ్మంలోంచే చూసి, "చేపిందండీ!" అని కేక పెట్టింది. ఇంజనీర్లు నా పని మెచ్చుకున్నప్పుడు కూడా నేను అంత పొంగిపోలేదు.

అక్కడ నోరు మూసుకుని ఒక చెంబెడు పెరుగు తీసుకుని వచ్చేసి ఉంటే కథ అయిపోయేది. కేకకి చుట్టుపక్కల పాలవాళ్ళు చేరారు. పాలాయన ఖరీదు తలుచుకుని మళ్ళీ దిగులు పడ్డాడు. నేను ఆయన్ని చూసి జాలిపడి, గొప్ప తెలివైనవాణ్ణనుకుని, "ఫర్మా ఎలాగూ చేశాం కదండీ. ఇంకో ఐదు కలిపి చేయించుకుంటే ఒక్కోటి సగానికి సగం తగ్గుతుంది. మీ వాటా కూడా తగ్గుతుంది" అన్నాను.

ఆ సైలెన్సర్‌కి పాలు ఎక్కువ వస్తాయని అప్పటికే వీధిలో సగం మంది నమ్మేశారు. అలా కాదండీ, ఈయన గేదెకి అలవాటయిన చప్పుడు మాత్రమేనండీ అని నేను చెబుతూనే ఉన్నాను. ఐదుగురు పేర్లిచ్చారు. ఐదుగురివీ అదే రకం పాత బళ్ళు.

మామూ పట్టుదల మనిషి. ఐదింటినీ మొదటిదానికి వెంట్రుకవాసి తేడా లేకుండా చేశాడు. ఒక్కొక్కటీ బండికి బిగించి, అరచెయ్యి పెట్టి చూసి, "ఆరుగురు అన్నదమ్ములు" అని మురిసిపోయాడు. ఓనరు గారు కూడా ఖాకీ చొక్కా వేసుకున్నందుకు సార్థకమైనట్టు నిలబడి చూశారు.

ఐదింటినీ గోనెసంచుల్లో వేసుకుని నేనూ మామూ పొద్దున రేపల్లె రైలెక్కాం. దిగి బస్సులో నగరం, అక్కడినుంచి ఊరు. పాలాయన ఇంటి ముందు బళ్ళన్నీ వరసగా పెట్టి మధ్యాహ్నం దాకా బిగించాం. ఆ ఐదుగురిలో ఒకతను పెళ్ళికావలసినవాడు. ఇస్త్రీ చొక్కా మీద నూనె పడుతుందేమోనని దూరంగా నిలబడ్డాడు. పక్క ఊళ్ళో అతనికి ఆరోజే పెళ్ళిచూపులు. వాళ్ళమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి, "మాది ముందు బిగించు నాయనా, దుర్ముహూర్తం రాకముందే వెళ్ళాలి" అని తొందరపెట్టింది.

బిగించడం అయిపోయింది. ఎలా ఉందో చూద్దామని ఐదుగురూ ఒక్కసారే కిక్కు కొట్టారు. సరదాకి పాలాయన కూడా తన బండి స్టార్టు చేశాడు. ఆరు బళ్ళు. ఆరు డుగుడుగులు, ఆరు టంగులు. ఆ చప్పుడు విన్నాక పెరట్లో గేదెకి ఏమనిపించిందో నేను చెప్పలేను. ఆరు బస్తాల తవుడు ఒకేసారి వచ్చిందనుకుందేమో. మేము చూసేసరికి గుంజ నేలలోంచి ఊడి పలుపు చివర వేలాడుతోంది, గేదె వీధిలో ఉంది.

సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు తల్లిని వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. గేదె అతని వెనక బయలుదేరింది.

"అయ్యో, నా గేదె!" అని పాలాయన బండి ఎక్కాడు. వెనక నేను, నా వెనక మామూ.

"ఎక్కడికి?" అన్నాడు మామూ.

"గేదె!" అని అరిచాను.

"భోజనానికా?" అన్నాడు.

కాలవ గట్టు మీద దాన్ని అందుకున్నాం. మా చప్పుడు వినగానే అది ఆగింది. మా వైపు తిరిగి నాలుగడుగులు వేసింది. మేము సంతోషించేలోపు ముందునుంచి పెళ్ళికొడుకు బండి "టంగ్" అంది. మళ్ళీ అటు తిరిగింది. మేము "టంగ్" అన్నాం. ఇటు తిరిగింది. పాపం దానికి ఎటు వెళ్ళాలో పాలుపోక మధ్యలో నిలబడి అరిచింది. చివరికి మా బండి మీద ముగ్గురు మగవాళ్ళు తప్ప బస్తా ఏదీ లేదని గమనించినట్టుంది. పెళ్ళికొడుకు వెనక ఉన్న తల్లి కాస్త భారీ మనిషి. పట్టుచీరలో, దూరం నుంచి చూస్తే, నిండు బస్తా అనుకునే అవకాశం ఉంది. అది అటే పరిగెత్తింది.

పెళ్ళికూతురి ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. పెద్దలు ఎదురొచ్చి దణ్ణాలు పెడుతున్నారు. పెళ్ళికొడుకు కంగారులో బండి ఆపడం మర్చిపోయి స్టాండు వేశాడు. వెనకే గేట్లోంచి గేదె వచ్చి, బండి పక్కన మర్యాదగా నిలబడి, చేపింది. పాలు ధారగా వాకిట్లో ముగ్గు మీద పడుతున్నాయి.

పెళ్ళికూతురి తండ్రి దాన్ని చూసి, పెళ్ళికొడుకుని చూసి, మళ్ళీ దాన్ని చూసి, "ఇది... మీరు తీసుకొచ్చిందా అండీ?" అన్నాడు.

పెళ్ళికొడుకు నోరు తెరిచేలోపు వాళ్ళమ్మ చీర సర్దుకుంటూ, "మాదేనండి. ఇలాంటివి ఇంకా ఉన్నాయి" అంది.

పెళ్ళికూతురి నాయనమ్మకి ఇవేవీ పట్టలేదు. "పాలన్నీ నేలపాలవుతుంటే చూస్తారేంటే, చెంబు తేండి!" అని గట్టిగా అరిచి, తనే గొంతుక్కూర్చుని పిండడం మొదలుపెట్టింది. చెంబు నిండుతుండగా మేము ముగ్గురం గేట్లోకి వచ్చి పడ్డాం.

"అది నా గేదె!" అన్నాడు పాలాయన.

పెళ్ళికొడుకు బండి ఇంకా డుగుడుగుమంటూనే ఉంది. నేను వెళ్ళి ముందు దాన్ని ఆపాను. తర్వాత అందరి ముందూ నిలబడి, తుప్పు పట్టిన చిల్లుల దగ్గర్నుంచి బాపట్ల కోళ్ళ దాకా జరిగిందంతా చెప్పాల్సి వచ్చింది. పెళ్ళికొడుకు తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. సంబంధం పోయినట్టేనని అతనికి అర్థమైపోయింది. దానికి కారణం నేను. మాటుతో పోయేదానికి ఇంతవరకు తెచ్చాను.

లోపల తలుపు వెనక ఎవరో నవ్వాపుకోలేక దగ్గుతున్నారు. తర్వాత పెళ్ళికూతురు బయటికొచ్చింది. చూపులకి పిలవకముందే రావడం తప్పని తెలిసినా వచ్చేసింది. కళ్ళు తుడుచుకుంటూ నన్నడిగింది.

"ఆరు బళ్ళకీ ఒకే చప్పుడు ఎందుకు పెట్టారండీ?"

ఇంతమంది పనివాళ్ళం, ఓనర్లం, పాలవాళ్ళం ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు.

"చవకవుతుందనమ్మా" అన్నాను.

వాళ్ళ నాన్న ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. పెళ్ళికొడుకు కూడా తలెత్తి కొంచెం నవ్వాడు. గేదె పాలతోనే కాఫీ పెట్టి అందరికీ ఇచ్చారు. పాలాయన కూడా తాగి, చాలా చిక్కగా ఉందని మెచ్చుకుని, ఆ తర్వాత అవి తన పాలేనని గుర్తొచ్చి గ్లాసు కిందపెట్టాడు. పెళ్ళికొడుకు తల్లి మాత్రం ఇంటికి వెళ్ళేదాకా మాతో మాట్లాడలేదు. గేదెని పలుపు కట్టి, నేనూ మామూ పాలాయనా మూడు మైళ్ళు నడిపించుకొచ్చాం. బళ్ళేవీ స్టార్టు చేయడానికి వీల్లేదు కదా. పెళ్ళికొడుకు కూడా తన బండిని తోసుకుంటూ మా వెనకే నడిచాడు.

మర్నాడు ఐదు సైలెన్సర్లూ విప్పించి తెనాలి తెప్పించాం. ఓనరు గారు ఖాకీ చొక్కా గుండీ ఒకటి విప్పుకుని, "తేడాగా చేసినందుకు తిట్లు తిన్న షాపులున్నాయి. ఒకేలా చేసినందుకు తిట్లు తిన్న షాపు మనదేరా" అన్నారు. అది నిజం. తేడా లేకుండా చేయడం కోసమే ఫ్యాక్టరీలు అంతంత యంత్రాలు పెట్టుకుంటాయి. మామూ తన చేతులతో ఆ పని చేసి చూపించాడు. నా దృష్టిలో ఆయన జీవితంలో చేసిన గొప్ప పని అదే. దాన్ని మేమే కూర్చుని ఒక్కొక్కటిగా పాడుచేశాం. ఒకదానిలో పలక తీసేశాం, ఒకదానికి తోక పొడిగించాం, ఇంకొకదానికి చిల్లులు మూసేశాం. ఎవరి బండి చప్పుడు వాళ్ళే వచ్చి వినిపించుకుని ఎంచుకున్నారు. ఒకాయన తన బండి వస్తున్న సంగతి అప్పులవాళ్ళకి తెలియకూడదన్నాడు. ఆయనకి బజారు సైలెన్సరే బిగించాం. ఒక్కోదాని మీద పడిన పనిని చూస్తే, సగానికి తగ్గుతుందన్న ఖరీదు మొదటిదాన్ని కూడా దాటిపోయింది. ఆ పై ఖర్చు ఓనరు గారే భరించారు. నా సలహాలు భరించడం మాత్రం ఆరోజుతో మానేశారు.

మామూ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు టీ తాగుతూ, "ఆరూ ఒకేలా వచ్చాయి కదా?" అన్నాడు.

"వచ్చాయి మామూ."

"గేదెకే తేడా తెలియలేదు కదా?"

"తెలియలేదు."

"మరింకేం" అని టీ గ్లాసు కడిగి బోర్లించాడు.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ పెళ్ళికొడుకు బండి షాపు ముందు ఆగింది. వెనకనుంచి ఆ అమ్మాయి దిగింది. మెడలో కొత్త పసుపుతాడు. సంబంధం చెడిపోలేదన్నమాట. అతను మొహమాటంగా నిలబడ్డాడు. ఆ అమ్మాయే మాట్లాడింది.

"బాబాయ్ గారూ, ఈ బండికి చప్పుడు మార్చాలండీ. ఇప్పుడున్నది మా వీధిలో ఇంకో బండికి దగ్గరగా ఉంది. ఎవరొచ్చినా ఈయనే అనుకుంటున్నాను."

స్టూలు వేశాను. మామూ పలకలు మార్చి మార్చి బిగించాడు. ఆ అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటూ, "కాదండీ", "ఇదీ కాదండీ" అంటూ పోయింది. ఐదోసారి బిగించినప్పుడు నన్ను దగ్గరికి పిలిచింది.

"ఇది ఎంత దూరం వినిపిస్తుందండీ?"

"మీ ఊరి కాలవ వంతెన దగ్గర్నుంచే వినిపిస్తుందమ్మా. కొంచెం మోతగా లేదూ?"

ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. ఒకసారి మొగుడి వైపు చూసి, అతను వినడం లేదని నిశ్చయించుకుని, గొంతు తగ్గించింది.

"మా అత్తగారు, నేను కలిసి మధ్యాహ్నం సీరియల్ చూస్తామండీ. వంతెన దగ్గర వినిపిస్తే టీవీ కట్టేసి, పొయ్యి మీద గిన్నె పెట్టేదాకా టైముంటుంది. ఇదే ఉంచండి."

ఓనరు గారు ఖరీదు చెప్పారు. అతను "అబ్బో" అన్నాడు, బజారు ధర ఎంతో చెప్పబోయాడు. ఆ అమ్మాయి పర్సు తీసి, నోట్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.

"సగం అత్తయ్య ఇచ్చారండీ" అంది.